గాజు రొట్టె చేసిన చేతులు

మొన్న పక్కింటి పేరంటానికి మా శాంతా నేనూ వెళ్లాం. తాంబూలంతో పాటు చిన్న ప్లేట్లో ఒక గుండ్రటి తీపి పెట్టి ఇచ్చారు. మధ్యలో చిల్లు, పైన చక్కెర పొడి. నేను దాన్ని నోట్లో పెట్టుకోలేదు. ముందు వాసన చూశాను. ఒక మూల తుంచి రెండు వేళ్ల మధ్య పట్టి లాగాను. అది వెంటనే తెగకుండా కొంచెం సాగింది. "మైదా. నువ్వు ముట్టకు," అని శాంత ప్లేటు కూడా తీసి పక్కన పెట్టాను. ఇచ్చినావిడ మొహం చిన్నబోయింది. బయటికి వచ్చాక శాంత నవ్వి, "అమ్మా, అచ్చం బాపమ్మ లెక్కనే చేస్తున్నవ్," అంది.

శాంత బాపమ్మ అంటే మా అత్తమ్మ. పోయి చాలా ఏళ్లయింది. ఆమె బతికుండగా ఎవరైనా నన్ను ఆమెతో పోల్చి ఉంటే నేను రెండు రోజులు అన్నం ముట్టేదాన్ని కాదు. ఈసారి మాత్రం ఇంటికొచ్చి చాలాసేపు నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

అత్తమ్మ పొట్టి మనిషి. నడుం వంగలేదు, పళ్లు ఊడలేదు, మాట ఒక్కటి కూడా మెత్తబడలేదు. నమ్మనిదాన్ని చూసేటప్పుడు ఎడమ కన్ను సగం మూసేది. ఆ కన్ను పూర్తిగా తెరిచి ఉండగా నేను చూసిన రోజులు తక్కువ. పాలవాడు చెంబులో పాలు పోస్తే అందులో వేలు ముంచి గోటి మీద బొట్టు నిలబెట్టి చూసేది. కూరగాయలామె వంకాయలు లేతవంటే, "లేతవైతే నువ్వే ఎందుకు అంటున్నవ్, అవే చెప్తయి గద," అనేది. సూర్యుడు వేళకు వచ్చినా ఎందుకొచ్చాడో కనుక్కునే రకం. ఆమెకు నమ్మకం ఉన్నవి రెండే. ఒకటి దేవుడు, రెండోది తన ముక్కు.

కార్వాన్‌లో ఉండేవాళ్లం. మామయ్య పురానాపూల్ దగ్గర ఒక గుడిలో నైవేద్యాలు వండేవాడట. నేను కాపురానికి వచ్చేనాటికే ఆయన లేడు. మా ఆయన దఫ్తర్‌లో గుమాస్తా. పొద్దున పోయి దీపాలవేళకు వచ్చేవాడు, ఇంట్లో ఎవరు ఏమన్నా "సరే" అనేవాడు. అంటే ఆ ఇంట్లో మాట్లాడే మనుషులం మేమిద్దరమే. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు.

నయాపైసలు కొత్తగా చేతికొచ్చిన రోజులవి. శాంతకు అయిదో ఏడు. ఎంత తిన్నా పిల్ల ఒంటికి పట్టేది కాదు. కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం కుండ. విరేచనాలు ఒక పూట ఆగితే మూడు పూటలు పట్టుకునేవి. పత్యమని డబల్ రొట్టె పాలల్లో ముంచి పెడుతూ వచ్చాం. పెట్టినకొద్దీ చిక్కింది. దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం. చివరికి పెద్దాసుపత్రికి తీసుకుపోతే, విదేశంలో చదువుకుని కొత్తగా వచ్చిన ఒక డాక్టరు పిల్ల పొట్ట నొక్కి చూసి, "గోధుమ పూర్తిగా బంద్ చెయ్యండి. రొట్టె, బ్రెడ్, బిస్కట్, రవ్వ, మైదా, ఏదీ వద్దు. గోరంత కూడా వద్దు," అన్నాడు.

అత్తమ్మ ఎడమ కన్ను మూతపడింది. "అన్నం మానమనే డాక్టర్లను చూసిన. గోధుమ మానమనేటోన్ని యాడ చూడలే. ఈయనకు గోధుమల మీద ఏం పగనో," అంది. కానీ ఇంటికొచ్చాక పిల్లను ఒళ్లో పెట్టుకుని ఆ వేళ్లనూ ఆ పొట్టనూ చూసి, ఇంట్లో ఉన్న గోధుమలూ రవ్వా మూటగట్టి గుడికి పంపేసింది. మూడు నెలల్లో శాంత బుగ్గలు కనబడ్డాయి. అప్పటి నుంచి డాక్టర్ని నమ్మింది, మిగతా లోకాన్ని అంతకు రెట్టింపు అనుమానించింది.

గిర్నీకి బియ్యం పట్టించడానికి తనే పోయేది. గిర్నీ ఆయన మెషీన్ మీద చెయ్యి పెట్టి, "సుబే సే గేహూఁ నై పీసా అమ్మా," అని ప్రమాణం చేస్తే, "పొద్దటి నుంచి గోధుమలు పట్టకుంటే నీ మీసాల మీదున్న దుమ్మేంది?" అని అడిగేది. ముందు మన నూకలు ఒక సోలెడు మెషీన్లో పోయించి, వచ్చిన పిండి పిట్టలకు చల్లించి, తర్వాతే మన బియ్యం పోయనిచ్చేది. కొన్నాళ్లకు ఆ పని కూడా నచ్చక ఇంట్లో ఇసుర్రాయి మీద తనే విసురుకోవడం మొదలుపెట్టింది.

బయట నుంచి ఏ పిండి వచ్చినా దానికో పరీక్ష ఉండేది. చిటికెడు పిండి తీసి నీళ్లతో ముద్ద చేసి, కాసేపు ఉంచి, గిన్నెలో నీళ్లు పోసి వేళ్లతో పిసికి కడిగేది. బియ్యప్పిండో శనగపిండో అయితే అంతా నీళ్లలో కలిసిపోయేది. గోధుమ కలిసి ఉంటే చివరికి వేళ్లకు బంక మిగిలేది. చిన్నప్పుడు గోధుమలు నమిలి జిగురు చేసుకున్న వాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. దాన్ని పట్టుకుని కార్వాన్ కోమట్లను వణికించింది మా అత్తమ్మ ఒక్కతే.

నా చేతులకు కూడా పరీక్షే. శాంతకు అన్నం కలపబోతుంటే, "పిల్లా, చేతులు చూపియ్యి," అనేది. రెండు చేతులూ చాపితే ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి, గోళ్ల కింద చూసి, వాసన చూసి వదిలేది. నాకు ఒళ్లు మండిపోయేది. నా బిడ్డకు నేను అన్నం పెట్టడానికి కూడా ఈమె ముద్ర పడాలా అని లోపల తిట్టుకునేదాన్ని.

మా పుట్టిల్లు దబీర్‌పురా. ఒకసారి శాంతను తీసుకుపోతుంటే స్టేషన్ దగ్గర ఒక బేకరీ అద్దాల వెనక గుండ్రటి రొట్టెలు కనిపించాయి. ఎర్రగా వేగి, చక్కెర అద్దుకుని, మధ్యలో చిల్లుతో ఉన్నాయి. రైలు సాహెబుల ఇళ్లలోవాళ్లు కొనేవారట. బేకరీ ఆయన డోనట్ అన్నాడు. శాంత, చేతి గాజులా ఉందని, గాజు రొట్టె అంది. ఇక అంతే. తింటే గాజు రొట్టె, లేకుంటే ఏమీ వద్దు అని మంకుపట్టు.

మర్నాడు అత్తమ్మ ఎండలో నడుచుకుంటూ దబీర్‌పురా దాకా పోయింది. నేను వెంట ఉన్నాను. బేకరీ గడప తొక్కలేదు. రోడ్డు మీదే నిలబడి అద్దంలోంచి ఆ రొట్టెను ఎడమ కన్ను మూసి చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి కేకేసింది.

"బేటా, ఇస్మే క్యా హై?"

"మైదా, అండా, శక్కర్."

"మైదా కె బిగర్ బన్తా?"

బేకరీ ఆయన నవ్వాడు. "మైదా కె బిగర్ తో ఖాలీ సురాఖ్ రహెతా అమ్మా," అన్నాడు. మైదా తీసేస్తే మిగిలేది చిల్లు ఒక్కటేనని. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. ఇంటి గడప ఎక్కుతూ, "ఆ చిల్లు సుట్టూ నేను కడత," అంది.

కట్టడానికి నెలన్నర పట్టింది. ఉత్త బియ్యప్పిండితో చేస్తే నెయ్యిలో పడగానే విరిగి పొడైంది. మినప్పప్పు రుబ్బి బెల్లం కలిపి చేస్తే శాంత కొరికి చూసి, "ఇది గారె బాపమ్మా," అని పక్కన పెట్టింది. అరటిపండు కలిపితే నల్లగా మాడింది. చివరికి గెనుసుగడ్డ ఉడికించి, పీచు తీసి, మెత్తగా మెదిపి, విసిరిన బియ్యప్పిండీ చక్కెరా ఏలకులూ కలిపితే ముద్ద చేతి మాట విన్నది. మెల్లగా గాజులా వంచి నెయ్యిలో వేస్తే పగలలేదు, ఎర్రగా పొంగింది. పైన చక్కెర పొడి అద్దింది. నిజం చెప్పాలి, అంత రుచైన తీపి నేను మళ్లీ తినలేదు. అంచు కరకరలాడేది, లోపల వెన్నలాగా ఉండేది. శాంత రెండు చేతులకూ రెండు తొడుక్కుని, ఇల్లంతా తిరిగి, ఆ తర్వాత తిన్నది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం గాజు రొట్టెలే. మడి కట్టుకుని, పొయ్యి ముందు పీట వేసుకుని, మాకు వీపు పెట్టి కూర్చునేది. అవి అయ్యేదాకా వంటింటి గడప ఎవరూ దాటకూడదు.

ఆ నెలలోనే శాంతకు మళ్లీ మొదలైంది. శనివారం పొట్ట ఉబ్బేది, ఆదివారం విరేచనాలు. బుధవారానికి కొంచెం తేరుకునేది. మళ్లీ శనివారం అదే పని. వచ్చిన బుగ్గలు వచ్చినట్టే పోయాయి. డాక్టరు, "ఇంట్లో ఎక్కడో గోధుమ పోతోంది, వెతకండి," అన్నాడు. అత్తమ్మ వెతకలేదు. నా వైపు చూసింది.

"శుక్రవారం నాడు నేను కడుపు నిండ పెడత. శనివారం ఏమైతది దీనికి? ఎవరు ఏం పెడ్తున్నరు?" అంది.

"నేనేం పెడత అత్తమ్మా? నా బిడ్డ కాదా?"

"నా గాజు రొట్టె తింటది, నీ చేతి అన్నం ఒద్దంటది. గది నీకు మండుతది. దాన్ని నీ దిక్కు తిప్పుకోనీకి బిస్కట్టో రొట్టెనో ఇస్తున్నవు. ఇంటి దొంగను ఈశ్వరుడన్న పట్టడు."

ఆ సామెత ఆమెకు ఊతపదమైపోయింది. పప్పులో ఉప్పు తక్కువైనా అదే, తలుపు గొళ్లెం పడకపోయినా అదే. నేనేం తక్కువ తినలేదు. ఈమే రుచి కోసం ఎక్కడో మైదా కలుపుతోందని అనుమానించాను. ఒక శుక్రవారం రొట్టెలయ్యాక ఆమె నల్లా దగ్గరికి పోయినప్పుడు ఒక గాజు రొట్టె విరిచి లాగి చూశాను. సాగలేదు, పుటుక్కున తెగింది. ఆమె తప్పు దొరకనందుకు నాకు ఏడుపొచ్చింది. పిల్ల ఒక పక్క చిక్కిపోతుంటే నేను ఏడ్చింది అందుకు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆషాఢంలో అత్తమ్మ ఒక తీర్పు చెప్పింది. నేను నెల రోజులు దబీర్‌పురా పోవాలి, శాంత మాత్రం ఆమె దగ్గరే ఉండాలి. "ఎవరి చేతుల ఏమున్నదో నెలకు తెలుస్తది," అంది. మా ఆయన గోడ వైపు చూసి, "నెల రోజులే గద," అన్నాడు. సోమవారం ప్రయాణం. అటక మీది ట్రంకు దించి నా చీరలు నేనే సర్దుకున్నాను. శాంత గౌను ఒకటి కూడా అందులో పెట్టి, మళ్లీ తీసేశాను. నేను తిరిగి వచ్చేసరికి పిల్ల ఉంటుందా అన్న భయం నాది. నేను పోతేనే పిల్ల దక్కుతుందని ఆమె.

ఆ శుక్రవారం పొద్దున నల్లా దగ్గర పాచి మీద కాలు జారి అత్తమ్మ పడింది. కుడి మణికట్టు వాచింది. పసుపూ సున్నం కలిపి పట్టు వేసి, గుడ్డతో కట్టు కట్టి, "ఈ వారానికి గాజు రొట్టెలు వద్దులెండి," అన్నాను.

"వద్దంటే అది ఊకుంటదా? నువ్వు చెయ్యి. నేను గడపల కూసుంట. నా కండ్ల ముంగట చెయ్యి," అంది.

తలస్నానం చేసి తడి చీర కట్టుకున్నాను. చేతులు చూపించాను, తిప్పి చూసింది. ఉడికిన గడ్డలు మెదిపాను, పిండి కలిపాను, పొయ్యి మీద నెయ్యి పెట్టాను. ముద్ద చేతిలోకి తీసుకోగానే వెనక నుంచి, "ఆగు," అంది.

"గట్లనే మొదలుపెడ్తవా? ముందు అగ్గిదేవునిది కావాలె. దేవుని అర్రల చిన్న ఇత్తడి డబ్బ ఉన్నది, తే."

తెచ్చాను. మూత తీస్తే తెల్లటి పిండి.

"కొంచెం తడుపు. చిన్న పూరి ఒత్తి మొదలు నెయ్యిల ఏసి, తీసి పొయ్యిల పెట్టు, దండం పెట్టు. మిగిలిన ముద్ద పారెయ్యకు. అది దేవుని శేషం, మన పిండిల కలపాలె. మీ మామ గుళ్లె గట్లనే చేస్తుండె. ఒక్కనాడు తప్పలే."

నీళ్లు చల్లి పిసికాను. రెండు పిసుకులకే పిండి వేళ్లకు అంటుకుంది, సాగింది. ఆ వాసన నేను చూడక ఏడాది కావస్తోంది.

"అత్తమ్మా, ఇదేం పిండి?"

"గోధుమపిండి. దేవునికి నూకలు పెడ్తరా ఏంది?"

నెయ్యి పొగలు రావడం మొదలుపెడితే కట్టెలు వెనక్కి లాగాను. తర్వాత మెల్లగా అడిగాను.

"ప్రతి శుక్రవారం కలుపుతున్నరా?"

"శేషం పారేస్తరా ఎవరన్న," అంది. గొంతు తగ్గింది. "గోలి అంత ఉంటది. దేవునిది... దేవునిది పిల్లకు ఏం చేస్తది?"

గోధుమలన్నీ మూటగట్టి గుడికి పంపినప్పుడు ఆ డబ్బా ఎందుకు మిగిలిందని మీరు అడగవచ్చు. ఆమె లెక్కలో అది ఇంట్లో పిండి కాదు. దేవుడి పిండి. కార్వాన్ బజారంతా గాలించిన మనిషి దేవుడి అర్రలో వెతకలేదు. ఆమెకు నమ్మకం ఉన్నవి రెండేనని ముందే చెప్పాను.

"గిన్నెల నీళ్లు తే," అంది. నా చేతిలోని ముద్ద తీసుకుని, వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో నీళ్లలో పిసికి కడిగింది. అలవాటు లేని చెయ్యి. చాలాసేపు పట్టింది. నీళ్లు తెల్లబడ్డాయి, మార్చమంది, మార్చాను. చివరికి వేళ్ల మధ్య బంక మిగిలింది. దాన్ని పైకెత్తి లాగి చూసింది. రెండు కళ్లూ తెరిచే చూసింది.

"ఇంటి దొంగ దొరికింది పిల్లా," అంది.

నాకు ముందు సంతోషం వేసింది. అబద్ధమెందుకు చెప్పాలి. గెలిచాననిపించింది. తర్వాత ఆమె గడప దగ్గర అట్లాగే బంక పట్టుకుని కూర్చుని ఉంటే చూడలేక పొయ్యి వైపు తిరిగాను.

సాయంత్రం మా ఆయన చెప్పులు విడవకముందే, "కోడలు యాడికీ పోదు. ట్రంకు ఎక్కియ్యి. పిల్లకు ఇన్ని దినాలు గోధుమ పెట్టింది నేను," అంది. ఆయన "సరే" అన్నాడు. ఇత్తడి డబ్బా గుడికి పోయింది. మరి అగ్గిదేవుడికి ఎట్లా అని నేనడిగితే, "బియ్యప్పిండే పెడ్తం. ఆయనకు కడుపు నొయ్యదు, అలవాటు చేసుకుంటడు," అంది. నన్ను క్షమించమని గానీ, తప్పయిందని గానీ ఒక్క మాట అనలేదు.

మరుసటి శుక్రవారం కట్టు విప్పారు. నేను బియ్యం కడుగుతుంటే అత్తమ్మ మడిచీర కట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. రెండు చేతులూ చాపింది.

"చూడు," అంది.

శుభ్రంగా ఉన్నాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నేను లేచి, ఆ చేతులు ఇటు తిప్పి అటు తిప్పి, గోళ్ల కింద చూసి, వాసన చూసి, "మళ్ల కడుక్కొని రండి," అన్నాను. పోయి కడుక్కుని వచ్చింది. "ఇంకోసారి," అన్నాను. మళ్లీ పోయింది. అరవై దాటిన మనిషి, మణికట్టు ఇంకా నొప్పిగానే ఉంది. మూడోసారి వచ్చి చాపితే నేను తల ఊపాను. అప్పుడు పొయ్యి దగ్గరికి పోయింది. అది నేను చేసిన పని. ఎవరి మీదా నెట్టలేను.

దసరా నాటికి శాంతకు పాత గౌన్లు బిగుతయ్యాయి. గాజు రొట్టెలు మానలేదు. అత్తమ్మ అనుమానాలూ మానలేదు. పాలవాడికి, కోమటికి, గిర్నీ ఆయనకి అన్నీ మామూలే. ఒక్క నా చేతులు మాత్రం చూపించమని ఆమె మళ్లీ ఎప్పుడూ అడగలేదు. తన చేతులు చూపించడం కూడా ఎప్పుడూ మరవలేదు. పొయ్యి దగ్గరికి పోయే ముందు, శాంతకు ముద్ద కలిపే ముందు, పండు ఒలిచే ముందు వచ్చి నా ముందు చాపేది. నేను పనిలో ఉంటే పని అయ్యేదాకా నిలబడేది. నేను తల ఊపేదాన్ని. నోటితో మాత్రం బాగున్నాయని ఒక్కసారి కూడా అనలేదు. ఎందుకనలేదంటే చెప్పలేను. మొదటి ఏడాది కోపం, తర్వాత అలవాటు, ఆ తర్వాత ఎట్లా అనాలో తెలియలేదు.

చివరి రోజుల్లో మంచం దిగలేదు. పొయ్యి దగ్గరికి పోయి నాలుగు నెలలు. శాంత అప్పటికి ఓణీలు వేసుకుంటోంది. ఒక మధ్యాహ్నం నేను గంజి తీసుకుపోతే దుప్పటి కింద నుంచి రెండు చేతులూ బయటికి తీసి చాపింది. ఎముకలే మిగిలాయి. ఎవరికీ ఏదీ వండేది లేదు, ఎవరికీ పెట్టేది లేదు.

"మంచిగున్నయి అత్తమ్మా," అన్నాను.

ఆమె ఎడమ కన్ను మెల్లగా సగం మూసి నా మొహంలోకి చూసింది.

"చూడకుండనే అంటున్నవ్. సక్కగ చూసి చెప్పు," అంది.

గంజి కింద పెట్టాను. ఆ చేతులు రెండూ కిటికీ వెలుతురులోకి తీసుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, ఒక్కొక్క వేలూ చూసి, మళ్లీ చెప్పాను.